ఆకుల పళ్ళెం: కొండాపూర్‌లో ఒక వియత్నాం హోటలు

కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్‌కు కొంచెం దూరాన, ఒక లోపలి వీధిలో, మందుల దుకాణానికీ దర్జీ కొట్టుకూ మధ్య ఆరు బల్లలతో నడుస్తున్న వియత్నాం హోటలుకు గడిచిన నాలుగు నెలల్లో ఐదుసార్లు వెళ్ళాను. పేరు రాయవద్దని ఆ హోటలు నడుపుతున్న ఆవిడ కోరారు. వంటగదిలో ఆవిడ కాక ఉన్నది ఇద్దరే కనుక, ఒక్కసారిగా జనం వచ్చి పడితే వంట చెడుతుందని ఆవిడ భయం. ఆ మాట మన్నించి పేరు రాయడం లేదు కానీ, ఆ వీధిలోకి వెళ్ళిన వారికి అనాసపువ్వు వాసనే దారి చూపుతుంది.

ఈ హోటలును నేను దేనితో పోల్చి చూస్తున్నానో ముందే చెప్పడం న్యాయం. మా అమ్మాయి ఉండేది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ మా అల్లుడు శనివారం పొద్దున్నే మమ్మల్ని ఫాల్స్ చర్చ్ అనే ఊళ్ళోని ఈడెన్ సెంటర్‌కు తీసుకువెళ్తాడు. అప్పటి దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ 1975 ఏప్రిల్ 30న ఉత్తరాది సేనల వశమయ్యాక దేశం విడిచి వచ్చిన వియత్నాం కుటుంబాలు మొదట ఆ పక్కనే ఉన్న క్లారెండన్‌లో దుకాణాలు పెట్టుకున్నాయి. మెట్రో రైలు పనుల వల్ల వీధులన్నీ తవ్వి పోసి ఉండడంతో అప్పట్లో అక్కడ అద్దెలు తక్కువగా ఉండేవి. 1979లో స్టేషను తెరుచుకుంది, అద్దెలు పెరిగాయి, ఆ దుకాణదారులు మళ్ళీ మూటలు సర్దుకోవలసి వచ్చింది. అలా కదిలిన వారికి 1984లో మొదలైన ఈడెన్ సెంటర్ నీడ అయింది. సైగాన్‌లో ఒకప్పుడు ఉన్న ఈడెన్ అనే దుకాణాల సముదాయం పేరే దానికీ పెట్టుకున్నారు. అక్కడి గడియార స్తంభం సైగాన్ బెన్ థాన్ మార్కెట్ గోపురాన్ని పోలి ఉంటుంది. ఇప్పుడు ఏ దేశానికీ జెండా కాని పాత దక్షిణ వియత్నాం జెండా, పసుపు మీద మూడు ఎర్ర చారలు ఉన్నది, అమెరికా జెండా పక్కన నేటికీ ఎగురుతూ ఉంటుంది. వందకు పైగా ఉన్న ఆ దుకాణాల్లో బంగారు కొట్లూ, రొట్టెల బట్టీలూ, మందుల షాపులూ, ప్రయాణాల ఏజెన్సీలూ అన్నీ ఉన్నాయి. చెరకురసం బండి దగ్గర చిన్న నారింజ లాంటి పుల్లని పండును చెరకుతో కలిపి పిండి ఇస్తారు. మన చెరకురసంలో అల్లం, నిమ్మ వేసినట్టే. మొదటిసారి అది తాగినప్పుడు నా భార్య ముఖంలో కనిపించిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అక్కడ నేను నేర్చుకున్నది ఒకటుంది. వియత్నాం వంట అనేది గిన్నెలో ఉన్నంత మాత్రమే కాదు. పక్క కొట్టులో ఆ పొద్దుటే దిగిన ఆకుల కట్టలు, ఆ పక్కన సగం రాత్రి నుంచి వెలుగుతున్న రొట్టెల బట్టీ, సూపు పలచనైతే ఊరుకోకుండా వంటవాడిని పిలిచి అడిగే ముసలమ్మలు, ఇవన్నీ కలిస్తేనే ఆ రుచి నిలబడుతుంది. హైదరాబాదులో ఇవేవీ లేవు. ఇవేవీ లేకుండా కొండాపూర్ హోటలు ఎంతవరకు నిలబడింది అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న.

హోటలు నడిపే ఆవిడది పుదుచ్చేరి. ఫ్రెంచివారి ఏలుబడిలో పుదుచ్చేరి నుంచి ఎందరో సిపాయిలుగా, గుమాస్తాలుగా ఇండోచైనాకు, అంటే ఇప్పటి వియత్నాం, లావోస్, కంబోడియా ప్రాంతానికి, వెళ్ళారు. వారిలో కొందరు అక్కడి అమ్మాయిలను పెళ్ళి చేసుకుని, తరువాతి కాలంలో కుటుంబాలతో తిరిగి వచ్చారు. ఆ ఇళ్ళలో పండుగలకూ పుట్టినరోజులకూ చాయో అనే వేయించిన చుట్టలు నేటికీ చేస్తారు. ఆవిడ అమ్మమ్మ అలా సైగాన్ నుంచి వచ్చిన మనిషి. తమిళ యాస కలిసిన తెలుగులో, నా భార్యను "అక్కా" అని పిలుస్తూ, "మా అమ్మమ్మకు తమిళం వచ్చింది కానీ సాంబారు మాత్రం చివరిదాకా నచ్చలేదక్కా" అని ఆవిడ చెప్పినప్పుడు, ఈ వంట ఒక పుస్తకం చూసో, ఆరు రోజుల విహారయాత్ర చేసో నేర్చినది కాదని అర్థమైంది.

ముందుగా ఫో గురించి. బియ్యపు నూడుల్స్ మీద మరిగే ఎముకల సూపు పోసి ఇచ్చే ఈ వంటకం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఉత్తర వియత్నాంలో, నామ్ దిన్, హనోయ్ ప్రాంతాల్లో పుట్టింది. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి లక్షలాది మంది దక్షిణానికి తరలిపోతూ దీన్ని కూడా వెంట తీసుకుపోయారు. అక్కడి వారు దానికి పెసర మొలకలూ, పచ్చి ఆకులూ, నిమ్మబద్దా, తీపి సాసూ జోడించారు. అమెరికాలో దొరికే ఫో దాదాపు అంతా ఈ దక్షిణాది పద్ధతిదే. కొండాపూర్‌లో దొరికేది కూడా అదే. గొడ్డుమాంసం ఇక్కడ వడ్డించరు, నాటుకోడితో చేస్తారు. కోడి ఫో అనేది హైదరాబాదు కోసం చేసిన సర్దుబాటు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. హనోయ్‌లోనూ దానికంటూ ప్రత్యేకమైన కొట్లు ఉన్నాయి.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ అనుమతితో వంటగది గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఉల్లిపాయలనూ, అల్లాన్నీ తొక్కతోనే మంట మీద పెట్టి పైపొర నల్లగా మాడే దాకా కాల్చి, ఆ మాడిన పొరను కత్తితో గీకి, మిగిలినదాన్ని పెద్ద డేగిసాలో వేశారు. అనాసపువ్వు, దాల్చిన చెక్క, లవంగం, నల్ల యాలక, ధనియాలు, సోంపు నూనె లేకుండా బాండీలో వేయించి, గుడ్డమూట కట్టి అందులోకి వదిలారు. బిర్యానీ వండే ఏ ఇంట్లోనైనా ఈ దినుసులన్నీ డబ్బాల్లో ఉంటాయి. అయితే బిర్యానీలో వాటికి పెరుగు, వేయించిన ఉల్లి, కారం తోడై ఘాటు పైకి వస్తుంది. ఇక్కడ నీళ్ళూ ఎముకలూ తప్ప వేరే తోడు లేనందువల్ల ఒక్కొక్క దినుసూ విడివిడిగా వినిపించే సన్నాయి స్వరంలా తెలుస్తుంది. వియత్నాం ఉత్తర సరిహద్దులోని లాంగ్ సోన్ ప్రాంతం అనాసపువ్వుకు పేరుపొందింది. ఆ దేశం నుంచి దాన్ని ఎక్కువగా కొనే దేశాల్లో మనది ముందువరుసలోనే ఉంది. ఆవిడ తెచ్చుకునేది మాత్రం బేగంబజార్ నుంచి. సముద్రాలు దాటి మన బిర్యానీ కోసం వచ్చిన పువ్వు, బేగంబజార్ గోనెసంచిలో నుంచి మళ్ళీ తన ఊరి గిన్నెలోకే చేరుతోందన్న మాట.

గిన్నె బల్ల మీదికి వచ్చినప్పుడు మొదట చూడవలసింది సూపు రంగు. లేత తేనె రంగులో, అడుగున నూడుల్స్ పోగులు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంది. పైన నూనె పొర కట్టలేదు. గుండుసూది తలకాయలంత పసుపు చుక్కలు మాత్రం తేలుతున్నాయి. కాగితమంత పలుచగా తరిగిన ఉల్లి, ఉల్లికాడలు, చర్మంతో పాటు చేత్తో చీల్చిన కోడిమాంసం. సూపు తేటగా ఉండాలంటే మొదటి పొంగులో వచ్చిన మురికిని పారబోసి, ఎముకలు కడిగి, కొత్త నీళ్ళలో వేసి, తెర్లనివ్వకుండా సన్నని మంట మీద గంటల తరబడి నురగ తీస్తూ కూర్చోవాలి. ఒక గంట ఏమరితే తెల్లబడిపోతుంది. నగరంలోనే ఒక పెద్ద భోజనశాలలో ఇదే పేరుతో నాకు పెట్టిన గిన్నెలో పొడి కలిపిన నీళ్ళ ఉప్పుదనం తప్ప మరొకటి లేదు, ధర మాత్రం ఇక్కడికి రెట్టింపు. కొండాపూర్ సూపు తాగాక పెదవులు కొద్దిగా అంటుకుంటాయి. పాతబస్తీలో తెల్లవారుజామున పాయా తాగిన వారికి ఆ అంటుకోవడం ఏమిటో వేరే చెప్పక్కరలేదు. వియత్నాంలోనూ ఫో ప్రధానంగా పొద్దుటి తిండే. ఈ హోటలు పదకొండు గంటలకు గానీ తెరుచుకోదు, అది నాకు తీరని లోటు.

శాకాహారుల కోసం చేసే ఫో కూడా ఉంది. ఎండు పుట్టగొడుగులు, ముల్లంగి, కాల్చిన ఉల్లితో కాచిన సూపు బాగానే ఉన్నా, మూడో చెంచాకు రుచి ఆగిపోతుంది. నా భార్య మాత్రం దీనికి ఒప్పుకోదు. తనకు ఇదే నచ్చింది.

గిన్నెతో పాటు వచ్చే ఆకుల పళ్ళెమే ఈ హోటలు గెలుపూ, ఓటమీ కూడా. ఈడెన్ సెంటర్‌లో అయితే ఆ పళ్ళెం గిన్నె కంటే పెద్దది. సబ్జా గింజల మొక్క, అంటే మన రుద్రజడ, దానికి దగ్గరి చుట్టమైన ఊదా కాడల తులసి, రంపపు అంచుతో కొత్తిమీర వాసన వచ్చే పొడవాటి ఆకు, ఒకవైపు ఊదా రంగు, ఒకవైపు ఆకుపచ్చగా ఉండే తియాతో అనే ఆకు, మిరియపు ఘాటున్న రావ్‌రామ్, పుదీనా, మొలకలు, నిమ్మబద్దలు. వాటిని ఎవరికి వారు తుంచి వేసుకోవాలి. వేడి సూపులో పడిన ఆకు వాసన అర నిమిషమే ఉంటుంది కనుక, ఒక్కసారిగా కుమ్మరించకుండా తింటూ తింటూ వేసుకోవడమే పద్ధతి. కొండాపూర్‌లో మొదటిసారి వచ్చిన పళ్ళెంలో పుదీనా, కొత్తిమీర, మొలకలు మాత్రమే ఉన్నాయి. మనకు ఇంట్లో ఉండే ఆకులే. మూడోసారికి ఊదా తులసి వచ్చింది. ఐదోసారి వెళ్ళినప్పుడు నాలుగంటే నాలుగే రావ్‌రామ్ ఆకులు ఒక చిన్న సాసరులో విడిగా పెట్టి ఇచ్చారు. సన్నగా, వెదురాకు ఆకారంలో, మధ్యలో ముదురు మచ్చతో ఉంటుంది ఆ ఆకు. నలిపితే కొత్తిమీర, నిమ్మ, మిరియం మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆవిడ పుదుచ్చేరి నుంచి కాడలు తెచ్చి, మేడ మీద పాత పెరుగు బకెట్లలో నాటారట. మొన్నటి ఎండలకు సగం పోయాయని, వానలు పడ్డాక పళ్ళెం నిండుగా ఇస్తానని చెప్పారు. అందరికీ సరిపోనప్పుడు ఏదో ఒకటి వేసి సరిపెట్టకుండా, ఉన్న నాలుగు ఆకులనూ నాలుగుగానే ఇవ్వడం నాకు గొప్పగా తోచింది.

బాన్ మీ విషయంలో ఇంత మంచి మాట చెప్పలేను. ఫ్రెంచివారి పొడవాటి రొట్టెను వియత్నాం వారు తమదిగా చేసుకుని, లోపల మాంసం ముద్ద, ఊరవేసిన క్యారెట్, ముల్లంగి, దోసకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి పెట్టి వీధి బండ్ల మీద అమ్మేదే బాన్ మీ. దాని ప్రాణమంతా రొట్టెలో ఉంది. పైపొర గుడ్డు పెంకులా పలుచగా, కొరికితే చిట్లి ఒళ్ళో రాలాలి. లోపల దూది కంటే తేలికగా ఉండాలి. ఇక్కడ ఇచ్చింది బేకరీ నుంచి వచ్చిన మెత్తటి పొడుగు బన్ను. పెనం మీద వెన్న రాసి కాల్చి ఇచ్చారు. లోపలి ఊరగాయ ముక్కలు సరైన పులుపుతో, కరకరలాడుతూ ఉన్నాయి. వేయించిన కోడిలో నిమ్మగడ్డి వాసన చక్కగా పట్టింది. కానీ రెండో కొరుకుకే బన్ను తడిసి ముద్దయింది. కోరుకున్న రొట్టె కాల్చి ఇచ్చే బేకరీ దొరకలేదని ఆవిడ అన్నారు. రోజుకు ముప్పై రొట్టెల కోసం ఎవరు బట్టీ వెలిగిస్తారు? ఆ కష్టం నాకు అర్థమవుతుంది. అయినా సరైన రొట్టె దొరికే దాకా ఈ వంటకాన్ని జాబితా నుంచి తీసివేయడమే మంచిదని నా అభిప్రాయం. మొదటిసారి బాన్ మీ తినేవారు ఇదే బాన్ మీ అనుకుని వెళ్ళిపోతారు.

గోయ్ కూన్ అనే పచ్చి చుట్టల్లో అలాంటి లోపం లేదు. బియ్యపు పిండి జావను, మరుగుతున్న నీళ్ళ కుండ మీద బిగించి కట్టిన గుడ్డపై పలుచగా పరిచి, ఆవిరికి ఉడికాక వెదురు తడకల మీద ఎండబెడితే వచ్చే కాగితం లాంటి రేకుల్లో, నూడుల్స్, ఆకులు, రొయ్యలు పెట్టి చుడతారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద జావగుడ్డ లాగి పూతరేకు తీసే చేతులకు ఈ పని చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ రేకు నేతిలో, బెల్లంలో తడిస్తే, ఈ రేకు నీళ్ళలో తడుస్తుంది. అద్దంలాంటి పొర వెనక రొయ్య వంపు, ఆకు ఈనెలు కనబడేటట్టు చుట్టడం ఒక విద్య. ఇక్కడ అది ఉంది.

అయితే ఈ చుట్టల దగ్గరే మాకు ఒక చేదు అనుభవం కలిగింది. శనివారాలు నా భార్య నీచు ముట్టదు. కూరగాయల చుట్టలు అడిగితే, వాటితో పాటు అందరికీ ఇచ్చే ముంచుడు గిన్నె కూడా తెచ్చి పెట్టారు. అది చేపలను పులియబెట్టి తీసిన నీళ్ళతో, అంటే నుక్ మామ్‌తో చేసింది. చిన్న చేపలనూ ఉప్పునూ చెక్క పీపాల్లో ఏడాది పాటు ఊరబెట్టి తీసే ఈ నీళ్ళు వియత్నాం వంటకు ఉప్పు లాంటివి. ఫూ క్వోక్ దీవిలో తయారయ్యేది మరీ ప్రసిద్ధం. నీళ్ళు, నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, మిర్చి కలిపాక చూడడానికి పచ్చిపులుసులాగే ఉంటుంది, తెలియని వారికి అనుమానం రాదు. నేను వాసన పట్టి ఆపేలోగా తను ఒక ముక్క తినేసింది. పెద్దగా ఏమీ అనలేదు కానీ ఆ పూట మరేమీ తినలేదు. చెప్పినప్పుడు ఆవిడ నిజంగా నొచ్చుకున్నారు. తరువాత వెళ్ళేసరికి శాకాహారపు గిన్నెకు ఆకుపచ్చ రంగు గిన్నె వేరు చేశారు, సోయాతో చేసిన నీళ్ళు అందులో పోస్తున్నారు. జాబితాలో మాత్రం ఆ మాట ఇంకా రాయలేదు. నీచు తినని వారు అడిగి తెలుసుకోవాలి.

బాన్ సెయో అడగకుండా ఎవరూ తిరిగి రాకూడదు. బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలు కలిపిన జావను వేడి మూకుడులో పోసినప్పుడు వచ్చే శబ్దమే దాని పేరు. మనం చుయ్ అన్నది వారికి సెయో. పిండిని పులియబెట్టరు కనుక అట్టులా మెత్తగా ఉండదు, అంచులు జల్లెడలా పలుచబడి పెళుసుగా విరుగుతాయి. లోపల రొయ్యలు, మొలకలు. దీన్ని విరిచి, ఆవాకులోనో లెట్యూస్‌లోనో పుదీనాతో కలిపి చుట్టి, ముంచుకుని తినాలి. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాళ్ళు దీన్ని దోసెలా తుంచుకుని ఆకులు వదిలేశారు. ఆవిడ వచ్చి, వాళ్ళ చేతిలోంచి తీసుకోకుండానే, తాను ఒక చుట్ట చుట్టి చూపించారు. తరువాత వాళ్ళు ఇంకో పళ్ళెం ఆకులు అడిగారు.

అదే చూస్తూ పాతబస్తీ వైపు ఉన్న బార్కస్ పేటను గుర్తు చేసుకున్నాను. వలస వచ్చిన వారి బజారు హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లే పలుకుబడిలో బార్కస్ అయ్యాయి. ఆ వీధుల్లో ఈనాటికీ గళ్ళ లుంగీల కొట్లు, అత్తరు దుకాణాలు, పొద్దున్నే హరీస్ కుండలు కనిపిస్తాయి. అక్కడి నుంచి బయలుదేరిన మండీ అనే మాంసపు అన్నం ఇప్పుడు ఊరంతా పాకింది. కానీ మండీకి ముందు ఒక పేట ఉంది, అన్నం మెత్తబడితే పళ్ళెం వెనక్కి పంపే తాతలు ఉన్నారు. కొండాపూర్ వంటకు అలాంటి పేట లేదు. పక్క బల్ల మీద కూర్చుని తప్పు పట్టే వియత్నాం ముసలమ్మ ఒక్కరూ లేరు. తినే మాలో నూటికి తొంభై మందికి మంచి ఫో ఏదో తెలియదు. సూపులో పొడి కలిపినా అడిగేవారు లేని చోట, ఆవిడ రోజూ ఎముకలు కడిగి నురగ తీస్తున్నది అమ్మమ్మ నాలుక గుర్తుండడం వల్లనే. నా దృష్టిలో ఈ హోటలుకు దక్కవలసిన గౌరవమంతా అందుకే.

కాఫీ గురించి రెండు మాటలు చాలు. గ్లాసు మీద చిన్న అల్యూమినియం ఫిల్టరు పెట్టి, అడుగున పోసిన డబ్బాపాల మీదికి చుక్క చుక్కగా దిగనిచ్చే కాఫీ. ప్రపంచంలో బ్రెజిల్ తరువాత ఎక్కువ కాఫీ పండించే దేశం వియత్నాం, అదీ ఎక్కువగా గట్టి చేదున్న రోబస్టా రకం గింజ. చికోరీ కలిపిన డికాక్షను అలవాటైన మనకు ఆ చేదు కొత్త కాదు. దిగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, కనుక భోజనం ముగియకముందే చెప్పుకోవడం మంచిది.

ఇంటికి తెప్పించుకోవాలనుకునే వారికి ఒక హెచ్చరిక. ఒకసారి డెలివరీ యాప్ ద్వారా ఫో తెప్పించాను. సూపూ, నూడుల్సూ విడివిడిగా కట్టి పంపినా, దారిలో గంటకు పైగా తిరిగి వచ్చిన డబ్బాలో నూడుల్స్ ఒకే ముద్దగా అతుక్కుపోయాయి, ఆకులు నల్లబడ్డాయి. అది వంటగది తప్పు కాదు, అయినా ఆ వంట ప్రయాణానికి పుట్టింది కాదు. అక్కడికే వెళ్ళి తినాలి.

కోడి ఫో 320 రూపాయలు, శాకాహార ఫో 280, చుట్టలు రెండు 220, బాన్ సెయో 300, కాఫీ 160. ఇద్దరు తృప్తిగా తినడానికి వెయ్యి రూపాయలు దాటదు. సోమవారం సెలవు. కారు పెట్టుకోవడానికి వీధిలో చోటు లేదు, మెట్రోలో హైటెక్ సిటీ దాకా వచ్చి ఆటో ఎక్కడం సుఖం. సూపు రోజుకు ఒక్క డేగిసానే కాస్తారు. శని, ఆదివారాల్లో అది రాత్రి ఎనిమిదిన్నరకే అయిపోతుంది, ఆ తరువాత వచ్చిన వారిని నీళ్ళు కలిపిన సూపుతో కాకుండా క్షమాపణతో తిప్పి పంపుతారు. ఐదోసారి నేను ఎనిమిదింటికి వెళ్ళి చివరి గిన్నె దక్కించుకున్నాను.